తోడికోడళ్ళ ఓడ

మా అమ్మకు మూత్రపిండంలో రాయి ఉందని తేలిన వారమే మా పెద్దమ్మ కూడా వెళ్ళి కడుపుకి స్కానింగ్ తీయించుకుంది. అందులో ఏమీ లేదు. "అంతా శుభ్రంగా ఉందమ్మా, హాయిగా ఉండండి" అన్నాడట డాక్టరు. పెద్దమ్మ ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చింది. ఆ వారమంతా మా అమ్మ మంచం చుట్టూ చుట్టాలు, పళ్ళ బుట్టలు, పరామర్శలు. వచ్చినవాళ్ళందరికీ టీలు పెట్టింది పెద్దమ్మే. ఆసుపత్రిలో అమ్మ పక్కన కుర్చీలో ముడుచుకుని పడుకున్నదీ పెద్దమ్మే. సేవకు సేవ, కుళ్ళుకు కుళ్ళు. ఆ రెండూ ఆవిడలో గొడవ పడకుండా కాపురం చేసేవి.

ఆవిడ మా నాన్నకు వదిన. మేం పైఅంతస్తులో, వాళ్ళు కింద. కింద వీధివైపు గదిలో పెద్దమ్మ కర్టెన్లు కుట్టే దుకాణం. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుండేది. అన్నం తినేటప్పుడు కూడా తీసేది కాదు. ఎవరింటికి వెళ్ళినా ముందు కిటికీల వైపు చూసేది, తరువాతే మనుషుల్ని పలకరించేది. ఊళ్ళో సగం మంది ఆమెను "కర్టెన్లక్కా" అని పిలిచేవాళ్ళు. పనిలో వంక పెట్టడానికి లేదు. ఆమె కుట్టిన తెర అంచు నేలను తాకీ తాకనట్టు ఉంటుంది.

ఇంత పనిమంతురాలికి మా అమ్మ దగ్గర ఏం తక్కువయిందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో గాలి వచ్చే గది అమ్మకు ఇచ్చారట. అక్కడ మొదలయింది. అమ్మ ఫ్రిజ్ కొంటే పెద్దమ్మ అంతకంటే ఒక తలుపు ఎక్కువున్న ఫ్రిజ్ కొంది. అమ్మ జుట్టు కత్తిరించుకుంటే ఆవిడ రెండంగుళాలు ఇంకా పైకి కత్తిరించుకుంది, తరువాత ఆర్నెల్లు తలకు గుడ్డ కట్టుకుని తిరిగింది. అమ్మ ఏదీ పోటీకి చేయదు. చేసి వచ్చి కింద మెట్ల దగ్గర నిలబడి చెబుతుంది, అంతే. ఆ చెప్పడంలో మాత్రం కొంచెం తీపి కలుపుతుంది.

మా నాన్నది కళ్ళజోళ్ళ దుకాణం. ఒక ఏడాది అద్దాల కంపెనీ వాళ్ళు, తమ సరుకు బాగా అమ్మినందుకు నాన్నకూ అమ్మకూ నది మీద చిన్న ఓడలో విహారయాత్ర బహుమతిగా ఇచ్చారు. పెద్ద ఓడ కాదు, కొద్దిమంది అతిథులే ఎక్కేది. "మందికి దూరంగా, రాజభోగానికి దగ్గరగా" అని దాని బ్రోచరు మీద బంగారు అక్షరాలతో వేసి ఉంది. వారం తిరిగి వచ్చాక అమ్మ సూట్‌కేసు పైకి కూడా ఎక్కించకుండా నేరుగా పెద్దమ్మ దుకాణంలోకి వెళ్ళింది. నేనూ అక్కడే ఉన్నాను.

"అది ఓడ కాదక్కా, తేలే హోటలు!" అని స్టూలు లాక్కుని కూర్చుంది. "బాల్కనీ తలుపు తీస్తే నది మన కాళ్ళ దగ్గరికి వచ్చేస్తుంది. మనకంటూ ఒక మనిషి ఉంటాడు. బెల్లు కొట్టక్కర్లేదు, అనుకుంటే చాలు, వచ్చేస్తాడు."

పెద్దమ్మ మిషను ఆపలేదు. "గది ఎంతుంటుందేం?"

"మీ హాలంత."

మిషను ఆగింది. "తెరలు?"

"పట్టువి."

"నీళ్ళ మీద తేమకి పట్టు ఆగుతుందా?"

"వాళ్ళకేం అక్కా, పాడైతే మారుస్తారు" అంది అమ్మ, చేతిలో ఉన్న టీ ఊదుకుంటూ.

ఆ సాయంత్రం పెద్దమ్మ ఒక కిటికీ తెరకు కుచ్చిళ్ళు తిరగేసి పెట్టింది. ఆమె చేతిలో అలాంటి తప్పు జరగడం నేను అంతకుముందు చూడలేదు. మర్నాటి నుంచి గ్యాస్ మాత్రలు మింగడం మొదలుపెట్టింది. "ఈ మంట మాత్రలకి తగ్గేది కాదులే" అన్నాడు మా పెదనాన్న. బస్ డిపోలో టైమ్‌కీపరుగా చేసి రిటైరయిన మనిషి. ఆయన మాటలు కూడా బస్సుల్లాగే ఆలస్యంగా వచ్చినా, వచ్చాక ఎవరినో ఒకరిని గుద్దకుండా ఆగేవి కావు.

ఆ ఏడాది ఎవరు కర్టెన్లు కుట్టించుకోవడానికి వచ్చినా, అమ్మ మెట్లు దిగుతూ ఓడ ప్రసక్తి తెచ్చేది. పెద్దమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని వినేది. నోటి నిండా సూదులున్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏమనేదో.

చివరికి ఒకరోజు భోజనాల దగ్గర ప్రకటించింది. "నేను కూడా వెళ్తున్నా. అదే ఓడ. మాట్లాడేశాను."

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "అదే ఓడ ఎందుకక్కా? ఇంకా మంచివి ఉన్నాయటగా. అది పాతబడిపోయి ఉంటుందేమో కూడా!"

"పాతదైతే ఏం? నువ్వు చూసిందే చూస్తా."

అమ్మ ఇంకా ఏదో చెప్పబోయి మంచినీళ్ళు తాగింది. తన సంతోషాన్ని చూసి తోడికోడలు ఓర్వలేకపోతోందని పెద్దమ్మకు గొప్ప తృప్తి కలిగింది. ఆ రోజు మాత్ర వేసుకోలేదు.

పెదనాన్నను రమ్మంటే, "ముప్ఫై ఏళ్ళు ఊరందర్నీ బయల్దేరదీశాను. ఇక నేను ఎక్కడికీ బయల్దేరను" అన్నాడు. నేను ఒక ఉద్యోగం మానేసి ఇంకొకదాంట్లో చేరబోయే మధ్యలో ఉన్నాను. అలా తోడు నేను దొరికాను. పెద్దమ్మ కొత్త చెప్పులు కొంది, కొత్త కోటు కొంది. కొలత టేపు మాత్రం పాతదే, చేతిసంచిలో వేసుకుంది.

ఓడ అందంగానే ఉంది, దూరం నుంచి. తెల్లగా, పొడుగ్గా, రేవులో ఒదిగి ఉంది. నున్నగా దువ్వుకున్న ఒకాయన మా పెట్టెలు అందుకుని, కిందిమెట్లు దిగి, గది తలుపు తెరిచాడు. తలుపు సగం తెరుచుకుని మంచానికి కొట్టుకుని ఆగింది. పెద్దమ్మ పక్కకు తిరిగి లోపలికి దూరింది. పెట్టెలు కూడా లోపలికి వచ్చేసరికి మేం ఇద్దరం మంచం ఎక్కి కూర్చోవాల్సి వచ్చింది.

"ఇదేనా గది?" అంది పెద్దమ్మ.

"ఇదేనమ్మా. మా ఓడలో అన్నీ ఇదే కొలత" అని ఆయన నవ్వి వెళ్ళిపోయాడు.

ఆమె ఒక్క క్షణం కూడా నిరాశపడలేదు. కళ్ళు మెరిశాయి. సంచిలోంచి టేపు తీసి గోడ నుంచి గోడకు పట్టింది. "మా హాలంతా? మా హాలు కాదు కదా, మా స్టోరురూముకి కూడా చాలదే ఇది!" తరువాత బాల్కనీ. అద్దాల తలుపు పక్కకు జరిపితే ఎదురుగా నడుమెత్తు ఇనుప కమ్మీ, అంతే. కాలు బయట పెట్టడానికి జానెడు చోటు లేదు. అదీ ఎంతోసేపు దక్కలేదు. మా ఓడ పక్కనే ఇంకో ఓడను తెచ్చి ఆనించి కట్టారు. రేవులో చోటు చాలనప్పుడు అలాగే చేస్తారట. నది ఉండాల్సిన చోట ఒక బట్టతలాయన, బనీనుతో పళ్ళు తోముకుంటూ, మాకేసి చూసి బ్రష్షుతోనే నమస్కారం పెట్టాడు.

పెద్దమ్మ మంచం మీద పడి నవ్వింది. ఆ తరువాత లేచి, అన్నిటికంటే ముఖ్యమైన పని చేసింది. తెర అంచు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"పాలిస్టర్!" అంది, పరీక్షలో ఫస్టు వచ్చిన పిల్లలా. "లైనింగు కూడా లేదు. అంచు మడిచి జిగురుతో అంటించారు, కుట్టనైనా కుట్టలేదు. మీ అమ్మ ఎన్ని కోతలు కోసిందే, ఎన్ని కోతలు!"

ఫోనుతో ప్రతిదీ ఫోటో తీసింది. తలుపు, కమ్మీ, తెర అంచు. స్నానాలగదిలో ప్లాస్టిక్ తెర ఒంటికి అతుక్కుపోయి స్నానం చేయనివ్వకపోతే, దాన్నీ తీసింది. మా గది కింద ఇంజను ఉండటం వల్ల బల్ల మీద గ్లాసు తనంతట తానే నడుచుకుంటూ అంచుకి వెళ్తుంటే వీడియో తీసింది. బ్రోచరులో చెప్పిన "మీకోసమే ఒక మనిషి" అంటే, పొద్దున పెట్టెలు మోసిన ఆ నున్నగా దువ్వుకున్న ఆయనే. మధ్యాహ్నం ఆయనే వడ్డించాడు. సాయంత్రం ఆయనే కోటు మార్చుకుని కీబోర్డు వాయించాడు. అందరికీ ఒక్కడే. పెద్దమ్మ ఆయనకు "అన్నీ ఆయనే" అని పేరు పెట్టింది.

పక్కగదిలో ఒక రిటైర్డ్ ఇంజనీరు దంపతులు ఉండేవాళ్ళు. ఆయన రోజూ చిర్రుబుర్రులాడేవాడు. ఒకచోట వంతెన తగ్గుగా ఉందని పైడెక్కు మీద కుర్చీలన్నీ మడిచేసి అందరినీ కిందికి దింపేశారు. ఇంకోచోట నదిలో నీళ్ళు చాలవని, ఒక పూటంతా బస్సెక్కించి తీసుకెళ్ళారు. "ఓడకి డబ్బు కట్టించుకుని బస్సెక్కిస్తారా? దీన్నా లగ్జరీ అంటారు?" అని ఆయన అరిచాడు.

"అప్పుడే ఏమయిందండీ" అంది పెద్దమ్మ ఉత్సాహంగా. "మీ షవరు తెర చూసుకున్నారా?"

ఆ ఓడ మీద ప్రతి లోటుకూ ఇంకా ఇంకా సంతోషపడిన ప్రయాణికురాలు ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

కానీ కొన్ని విషయాలు ఆమె ఫోటోలు తీయలేదు. రెండోరోజు పొద్దున మేం బల్ల దగ్గర కూర్చోగానే, "అన్నీ ఆయనే" కప్పు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "చిక్కగా, చక్కెర తక్కువ, పొగలు కక్కేటట్టు. నిన్న మీరు మొదటి కప్పు వదిలేశారు, అందుకని మార్చి తెచ్చానమ్మా" అన్నాడు. పెద్దమ్మ ఒక గుక్క తాగి కప్పు వంకే చూస్తూ కూర్చుంది.

"టీ బాగాలేదా?" అని అడిగాను.

"బాగుంది" అంది. "మనింట్లో టీ పెట్టేది నేనే కదా. నాకెలా కావాలని ఎవరూ అడిగిన గుర్తు లేదు." తరువాత వెంటనే ముఖం ముడుచుకుని, "మీ అమ్మకీ ఇలాగే తెచ్చిచ్చి ఉంటాడు" అంది. ఆ కప్పులో కూడా అమ్మ తేలింది.

నది సముద్రంలో కలిసే చోటుకు కొంచెం ముందు, రెల్లుగడ్డి మధ్య పెద్ద చిత్తడినేల ఉంది. అక్కడికి ఓడ వెళ్ళదు. రబ్బరు పడవల్లో తీసుకెళ్తారు. యాత్రలో అసలు సాహసం అదేనని బ్రోచరు చెప్పింది. మోకాళ్ళదాకా బూట్లు తొడిగి, వాటికంటిన క్రిములు పోవాలని మందునీళ్ళ తొట్టిలో ముంచి, నారింజరంగు లైఫ్‌జాకెట్లు బిగించారు. పెద్దమ్మ అద్దంలో చూసుకుని, "దిండు గలీబుకి కాళ్ళొచ్చినట్టున్నా" అంది. ఒడ్డు నుంచి ఎక్కేటప్పుడు పడవ అంచు మీంచి జారి బురదలో కూలబడింది. కొత్త కోటు పోయింది. గైడు అమ్మాయి కంగారుగా పరుగెత్తుకొస్తుంటే, "లేపకు, లేపకు, నవ్వు ఆగాక లేస్తా" అని అలాగే బురదలో కూర్చుని నవ్వింది.

చాలాదూరం వెళ్ళాక గైడు అమ్మాయి చెయ్యెత్తింది. పడవ నడిపే అతను ఇంజను ఆపేశాడు.

ఇంతకాలం మా చెవుల్లో ఏదో ఒక మోత ఉండేది. ఓడ ఇంజనో, అంతకుముందు పెద్దమ్మ మిషనో, వీధో. అది ఒక్కసారిగా తీసేసినట్టయింది. తెడ్డు చివరి నుంచి జారే నీటిచుక్కలు వినబడ్డాయి. రెల్లు ఒకదానికొకటి రాసుకోవడం వినబడింది. అప్పుడు, మాకు రెండు బారల దూరంలో, నీళ్ళలోంచి ఒక గుండ్రటి తల లేచింది. నీటికుక్క. వెల్లకిలా తేలుతూ, చేపను రెండు చేతులతో పట్టుకుని, తల వైపు నుంచి తినడం మొదలుపెట్టింది. ఎముకలు కరకరలాడటం మాకు స్పష్టంగా వినబడింది. తింటూ తింటూ పెద్దమ్మ వైపు చూసింది. ఏం, నీకూ కావాలా అన్నట్టు చూసి, మళ్ళీ తన తిండిలో పడింది.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళ మీద బురద ఆరిపోయి ఉంది. ఆమె ఫోను సంచిలోనే ఉంది.

తిరిగి ఇంజను పెట్టి ఓడ వైపు వస్తుంటే నా చెవిలో అంది. "మీ అమ్మ ఇది చెప్పలేదే."

"లేదు."

"దుప్పట్ల గురించి చెప్పింది. సబ్బుల గురించి చెప్పింది. ఇది మాత్రం చెప్పలేదు. అంటే దాచుకుంది." లైఫ్‌జాకెట్ పట్టీ లాగి ఇంకా బిగించుకుంది. "పట్టుతెరలు ఉంటే ఉండనీ అనుకునేదాన్నే. కానీ ఇదీ చూసిందా ఆవిడ?"

అంతకుముందు ఏడాదంతా పడిన మంట ఒక ఎత్తు, ఆ సాయంత్రం పడింది ఒక ఎత్తు. కీబోర్డు వాయిస్తున్నంతసేపూ ఆమె ఒక్క పాటా వినలేదు.

మేం ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ హాల్లో అందరూ కూర్చుని ఉన్నారు. ఎదురింటి లాయరు గారి భార్య కూడా వచ్చింది, వాళ్ళూ అదే ఓడ ఎక్కాలనుకుంటున్నారట. అమ్మ ఒక మూలకు కుర్చీ వేసుకుంది. ఎప్పుడూ లేనిది, తనే టీ పెట్టి అందరికీ ఇచ్చింది. పెద్దమ్మ ఫోనులో ఉన్న సాక్ష్యాలన్నీ నాకు తెలుసు. తలుపు, కమ్మీ, జిగురు అంచు. అమ్మ వంక చూడలేక నేను గోడ వైపు చూశాను.

"ఎలా ఉంది వదినా ఓడ?" అన్నాడు నాన్న. ఆయన చూపు కూడా నేల మీదే ఉంది.

"ఓడ కాదయ్యా అది" అంది పెద్దమ్మ. అమ్మ కళ్ళు మూసుకుంది. "తేలే రాజమహలు!"

అమ్మ కళ్ళు తెరిచింది.

"గది ఎంతుంటుందండీ?" అంది లాయరు గారి భార్య.

"ఈ హాలుకి ఒకటిన్నర ఉంటుంది."

"మరి తెరలు పట్టువేనా? మీరైతే సరిగ్గా చెబుతారు."

పెద్దమ్మ మా అమ్మ వంక నిదానంగా, చాలా నిదానంగా చూసింది. "పట్టే. చెయ్యి వేస్తే జారిపోతుంది."

నేను నోరు వెళ్ళబెట్టాను. మెట్ల దగ్గర ఒంటరిగా దొరికినప్పుడు అడిగాను, అలా ఎందుకన్నావని. "పిచ్చిదానా, ఇంతా చేసి అగ్గిపెట్టెలో పడుకుని వచ్చానని నా నోటితో నేనే చెప్పుకోనా? నలుగురూ నవ్వరూ? మీ అమ్మ కూడా ఇలాగే ఇరుక్కుంది పాపం. రేపు ఆ లాయరు గారి భార్యా వెళ్ళొచ్చి పట్టే అంటుంది, చూస్తూ ఉండు" అంది.

అక్కడితో ఊరుకుంటే ఆవిడ పెద్దమ్మ ఎందుకవుతుంది? అందరూ వెళ్ళాక పైకి మా వంటింట్లోకి వచ్చింది. అమ్మ కప్పులు కడుగుతోంది.

"పాలిస్టరు" అంది పెద్దమ్మ, వెనక నిలబడి.

"తెలుసక్కా" అంది అమ్మ, వెనక్కి తిరగకుండా. వీపు మాత్రం కదిలింది. నవ్వుతోంది. పెద్దమ్మకూ నవ్వు వచ్చేసింది. ఇద్దరూ సింకు పట్టుకుని నవ్వారు. ఆ బట్టతలాయన లాంటివాడే అమ్మకూ తగిలాడట, గడ్డం గీసుకుంటూ.

నవ్వు తగ్గాక పెద్దమ్మ అసలు ప్రశ్న అడిగింది. "ఆ రెల్లులోకి తీసుకెళ్ళి ఇంజను ఆపుతారు కదా. అప్పుడు... నువ్వూ విన్నావా?"

"ఎక్కడ? నేను పడవ ఎక్కనేలేదక్కా. నాకు నీళ్ళంటే భయం కదా. ఆయన ఒక్కరూ వెళ్ళొచ్చారు. నేను గదిలో కూర్చుని పెట్టె సర్దుకున్నా." అమ్మ చేతులు తుడుచుకుంది. "ఏముంది అక్కడ? ఆయన్నడిగితే, నీళ్ళూ గడ్డీ అన్నారు."

పెద్దమ్మ ముఖంలో వెలుగు వచ్చింది. స్టూలు లాక్కుని కూర్చుంది. అమ్మ ఏడాది కిందట ఎలా కూర్చుందో అచ్చం అలాగే, కానీ ఈసారి కోతలు కోయలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చెవుల్లోంచి మోత తీసేసినట్టు ఎలా అయిందో, చుక్కలు ఎలా వినబడ్డాయో, నీటికుక్క చేప తల కొరికితే కరకర ఎలా మోగిందో. చెప్తూ చెప్తూ గొంతు తగ్గించేసింది, ఇక్కడ కూడా అది బెదిరిపోతుందేమో అన్నట్టు.

"నీ వైపే చూసిందా?" అంది అమ్మ.

"నా వైపే."

"ఎంతసేపు?"

"చేప అయిపోయేదాకా."

అమ్మ ఆరిన కప్పునే మళ్ళీ మళ్ళీ తుడిచింది. ఆ ముఖం నేను బాగా ఎరుగుదును. ఇన్నేళ్ళూ కింది అంతస్తులో చూసిన ముఖమే. మర్నాడు పొద్దున నాన్న ఇంకేదో వెతుకుతుంటే గ్యాస్ మాత్రలు మా అమ్మ దిండు పక్కన దొరికాయి.

పెద్దమ్మ వారం రోజులు పాటలు పాడుకుంటూ కుట్టింది. తరువాత పెదనాన్న వచ్చి, "మరదలు ఈతకొలనులో చేరిందట. వచ్చే ఏడు పడవెక్కుతుందట" అని ఆలస్యంగా ఒక మాట అన్నాడు. పెద్దమ్మ పాట ఆపేసింది. మిషను మీద గుడ్డ కప్పి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళింది. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఇద్దరూ కలిసే ఈతకి వెళ్తున్నారు, ఒకే ఆటోలో. తీసుకురావడానికి మొన్న నేను వెళ్ళాను. లోతు తక్కువ వైపు, నడుముల్లోతు నీళ్ళలో, ఇద్దరూ పక్కపక్కన గోడకున్న కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇద్దరి తలల మీదా బిగుతు రబ్బరు టోపీలు. ఎవరూ చెయ్యి వదలడం లేదు. ఒకరి చేతి వంక ఒకరు చూసుకుంటున్నారు.

ఈత నేర్పే ఆవిడ నన్ను పక్కకు పిలిచింది. "మీ వాళ్ళతో చచ్చిపోతున్నానండీ. ఒకరికి ఏం నేర్పినా, రెండో ఆవిడ అంతకంటే కష్టమైంది నేర్పమంటుంది. ఇద్దరికీ ఇంకా తేలడమే రాదు. ముందు ఎవరికి నేర్పమంటారు?"

"ఇద్దరికీ ఒకేసారి నేర్పండి" అన్నాను. "ఒక్క రోజు తేడా వచ్చినా మా ఇంట్లో మాత్రలు సరిపోవు."